రచ్చ గెలిచి ఇంట గెలిచినవాడు

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థులకు గుండ్రని బంతి, పదునొకండుగురు ఆటగాండ్రు, చేతితో తాకరాదను నియమము జ్ఞప్తికి వచ్చును. ఆస్ట్రేలియా దేశపు దక్షిణ భాగమున, ముఖ్యముగా విక్టోరియా రాష్ట్రమున, ఆ పేరు చెప్పినచో జనులకు తోచునది వేరొక ఆట. అది ఆ గడ్డపైననే పుట్టినది. 1859లో మెల్‌బోర్న్ నగరమున దాని తొలి నియమములు వ్రాయబడినవి. బంతి కోడిగ్రుడ్డు ఆకారమున ఉండును. మైదానము కూడ అట్లే అండాకారము. ఒక్కొక్క పక్షమున పదునెనిమిదిమంది ఆడుదురు. మైదానమునకు ఇరుకొనలయందును నాలుగేసి నిలువు కంబములు ఉండును. నడిమి రెండు కంబముల మధ్యగా బంతిని తన్నినచో ఆరు పాయింట్లు. ప్రక్క కంబముల మధ్యగా పోయినచో ఒక్క పాయింటు. బంతిని చేతబట్టుకొని పరుగెత్తవచ్చును గాని, కొంత దూరమునకొకసారి దానిని నేలకు తాకింపవలెను. తోటివానికి చేతితో అందింపదలచినచో విసరరాదు. ఒక అరచేత నుంచుకొని రెండవచేతి పిడికిటితో కొట్టవలెను. ఎదుటివాని భుజముల మీదికి లంఘించి గాలిలోనే బంతిని పట్టుకొనుట ఈ ఆటలో ప్రేక్షకులు మిక్కిలి మెచ్చు విద్య.

ఇట్టి ఆటలో పొడగరులకును, బలిష్ఠులకును ప్రాధాన్యము ఉండుట సహజము. అట్టిచోట ఐదడుగుల రెండంగుళముల ఎత్తు మాత్రమే గల ఒక యువకుడు 1930ల దశకమున దేశమెరిగిన ఆటగాడయ్యెను. అతడే డగ్లస్ రాల్ఫ్ నికల్స్. అతడు ఆస్ట్రేలియా ఆదిమవాసుల బిడ్డ. ఆ దేశపు జనసంఖ్యను గణించునపుడు ఆదిమవాసులను లెక్కింపరాదని రాజ్యాంగములోని 127వ విభాగము శాసించిన కాలమది. శనివారమునాటి ఆటలో పాయింట్లను ఒకటి విడువక లెక్కించు దేశము అతని జాతిని మాత్రము లెక్కలోనికి తీసికొనలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దలందురు. నికల్స్ విషయమున ఆ క్రమము తారుమారైనది. అతడు ముందు రచ్చ గెలిచెను. స్వదేశమున, సొంత గడ్డపై, మనిషిగా గెలుచుటకు అతనికి మిగిలిన జీవితమంతయు పట్టినది.

నదీతీరపు పాఠశాల

న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రములకు ముర్రే నది సరిహద్దు. ఆ నది ఉత్తరపు ఒడ్డున కమరగంజ అను ఆదిమవాసుల నివాసము కలదు. అచ్చటివారు యోర్టా యోర్టా జాతివారు. తమ పూర్వుల భూములలోనే వారు ప్రభుత్వ మండలి నియమించిన అధికారి అదుపులో నివసింపవలసినవారైరి. నికల్స్ 1906 డిసెంబరు 9వ తేదీన అచ్చట జన్మించెను. తండ్రి హెర్బర్ట్, తల్లి ఫ్లారెన్స్.

ఆ నివాసపు పాఠశాలను గూర్చి మన ఉపాధ్యాయులు తెలిసికొనవలసిన విశేషమొకటి కలదు. అందలి ఉపాధ్యాయుడు థామస్ షాడ్రాక్ జేమ్స్ భారతీయ సంతతివాడు. 1859లో మారిషస్ ద్వీపమున జన్మించెను. యౌవనమున ఆస్ట్రేలియాకు వచ్చి, 1881లో డేనియల్ మాథ్యూస్ అను మతప్రచారకుని కలిసికొని, ముర్రే తీరమున మాథ్యూస్ నెలకొల్పిన మలోగా ఆశ్రమమునకు పాఠములు చెప్పుటకై వెళ్లెను. 1885లో ఆదిమవాసి వనితయగు ఎడా కూపరును వివాహమాడెను. 1888లో మలోగా జనులు కమరగంజకు తరలినపుడు ఆయనయు వారితో తరలెను. 1922లో విరమించునంతవరకు, ఇంచుమించు నలువది సంవత్సరములు ఆ బిడ్డలకు చదువు చెప్పెను. పగలు పిల్లలకు, రాత్రులు పెద్దలకు. ఆ రాత్రి చదువులు సాగిన కుటీరమునకు ‘విద్వాంసుల గుడిసె’ అను అర్థమిచ్చు పేరు ఏర్పడినది.

ఆదిమవాసులకు పై చదువులు అనవసరమని అధికారులు తలచిన రోజులవి. ఆ గుడిసెలో చదివినవారు అర్జీ వ్రాయనేర్చిరి. సభలో నిలిచి మాటలాడనేర్చిరి. ఆదిమవాసుల హక్కుల ఉద్యమమునకు పితామహుడనదగిన విలియం కూపర్ ఆ ఉపాధ్యాయునకు బావమరిది; శిష్యుడు. తరువాతి కాలమున ఉద్యమమున పేరుగాంచిన మార్గరెట్ టకర్ ఆ పాఠశాలలో చదివినదే. నికల్స్ కూడ ఆ బడిలో కొలది తరగతులు చదివెను. అతని చదువు అంతటితో ఆగినది. కాని ఆ బడిలో పడిన బీజము వృథా కాలేదు.

అతనికి ఎనిమిదేండ్ల వయసున ఒక ఘోరము కన్నులయెదుట జరిగినది. పోలీసులు వచ్చి పదునారేండ్ల అక్క హిల్డాను బలవంతముగా తీసికొనిపోయిరి. ఆదిమవాసుల బాలికలను తల్లిదండ్రులనుండి వేరుచేసి, తెల్లవారి ఇండ్లలో పనికత్తెలుగా తయారుచేయుటకై కూటమండ్ర అను ఊర ప్రభుత్వము ఒక గృహమును నడుపుచుండెను. హిల్డాను అచ్చటికే పంపిరి. ఇట్లు వేరుచేయబడిన బిడ్డలు ఆ దేశమున వేలకొలది కలరు. 2008లో ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో వారికి క్షమాపణ చెప్పెను.

తారు కుర్రవాడు

చదువు విడిచిన నికల్స్ గొఱ్ఱెల మందలు పెంచు పెద్ద కమతములలో పనికి కుదిరెను. ఉన్ని కత్తిరించునపుడు కత్తెర తగిలి గొఱ్ఱెకు గాయమైనచో వెంటనే తారు పూయవలెను. తారు డబ్బా పట్టుకొని పిలిచినచోటికెల్ల పరుగెత్తుటయే ఆ కుర్రవాని ఉద్యోగము. కమరగంజ జట్టు ఆ ప్రాంతమున పేరుపొందిన జట్టు. పనిదినములలో గొఱ్ఱెల కొట్టములు, సెలవుదినములలో బంతి; ఈ విధముగా అతని బాల్యము గడచినది. విక్టోరియా వైపున ఉన్న టొంగాలా అను ఊరి జట్టున ఆడుచుండగా అతని వేగము పలువురి దృష్టికి వచ్చినది.

1927లో అతడు మెల్‌బోర్న్ నగరమునకు వచ్చెను. విక్టోరియా ఫుట్‌బాల్ లీగు నాడు ఆ ఆటకు అత్యున్నత వేదిక. అందు పండ్రెండు సంఘములుండెను. వానిలో ప్రసిద్ధమగు కార్ల్టన్ సంఘమున నికల్స్ పరీక్షార్థియై చేరి, కొన్ని దినములు సాధన చేసెను. కాని ఆటల ఋతువు ఆరంభము కాకముందే అతనిని తొలగించిరి. అతని ఒంటినుండి వాసన వచ్చుచున్నదని కొందరు ఆటగాండ్రు ఫిర్యాదు చేసిరనియు, అలసిన ఆటగాండ్ర దేహములను మర్దించు ఉద్యోగి ఈ నల్లవాని దేహమును తాకుటకు నిరాకరించెననియు ఆయన జీవితకథలో చెప్పుదురు. అస్పృశ్యత అను మాటకు అర్థమెరిగిన మన దేశీయులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

తిరస్కృతుడైన యువకుడు స్వగ్రామమునకు మరలిపోలేదు. అంతకు ఒక మెట్టు తక్కువయగు విక్టోరియా ఫుట్‌బాల్ అసోసియేషన్ పోటీలలో ఆడు నార్త్‌కోట్ సంఘమున చేరెను. ఆ ఊరి పురపాలక సంఘములో అతనికొక ఉద్యోగమును దొరికినది. మైదానపు అంచువెంట బంతిని ఇటునుండి అటు చేరవేయు ‘వింగు’ స్థానము అతనిది. పొడవరుల కాళ్ల మధ్యనుండి జారిపోవుట, నిలిచినచోటనే దిశ మార్చుట, పరుగులోనే ఎగిరి బంతిని అందుకొనుట అతని విద్యలు. 1929లో నార్త్‌కోట్ ఆ పోటీల విజేతగా నిలిచినది. ఆ విజయమున నికల్స్ పాత్ర ప్రధానమైనది. ఆ సంవత్సరమే వారక్నాబీల్, నయా అను ఊళ్లలో జరిగిన పరుగుపందెములలో అతడు ప్రథముడై నగదు బహుమతులను గెలిచెను. ఆటలు లేని కాలమున జిమ్మీ షార్మన్ అనువాని సంచార ముష్టియుద్ధపు గుడారములో చేరి, డేరా ముందర నిలిచి సవాలు చేసినవారితో పోరాడి కూలి సంపాదించెను. దేశమంతట ఆర్థికమాంద్యము వ్యాపించిన రోజులవి. ఎంతటి ఆటగానికైనను పొట్టకూటికి తిప్పలు తప్పలేదు.

ఫిట్జ్‌రాయ్ జట్టులో

1932లో లీగు సంఘములలో ఒకటియైన ఫిట్జ్‌రాయ్ అతనిని ఆహ్వానించినది. ఐదేండ్ల క్రిందట త్రోసివేయబడిన వేదికకు అతడీ విధముగా మరల చేరెను. కాని వెనుకటి అవమానము మనసున మాయలేదు. దుస్తులు మార్చుకొను గదిలో అతడు ఎవరి చెంతకును పోక ఒక మూలకు ఒదిగియుండెను. అప్పుడు హేడన్ బంటన్ అను ఆటగాడు తన సామాను తీసికొనివచ్చి అతని ప్రక్కననే పెట్టుకొని, అచ్చటనే దుస్తులు మార్చుకొనెనట. ఈ బంటన్ సామాన్యుడు కాడు. ఉత్తమ క్రీడాకారునకు మధ్యవర్తుల నిర్ణయముననుసరించి ఇచ్చు బ్రౌన్లో పతకమును 1931, 1932, 1935 సంవత్సరములలో మూడుసార్లు పొందిన మేటి. అట్టివాడు వచ్చి ప్రక్కన కూర్చుండిన పిమ్మట ఎవ్వరును మారుమాటాడలేదు. బంటన్ ఉపన్యాసమిచ్చినవాడు కాడు. చేసినదల్లా ఒక్క మూలనుండి మరియొక మూలకు మారుటయే. ఒక తరగతిగదిలో ఒంటరిగా కూర్చున్న బాలుని ప్రక్కకు ఎవడు మొదట జరుగునను ప్రశ్నకు ఉన్న విలువ ఎంతటిదో ఉపాధ్యాయులు ఎరుగుదురు.

ఫిట్జ్‌రాయ్ పక్షమున 1937 వరకు నికల్స్ 54 ఆటలాడెను. 1935లో విక్టోరియా రాష్ట్ర జట్టుకు ఎన్నికయ్యెను. ఆ గౌరవమును పొందిన తొలి ఆదిమవాసి అతడే. 1938లో మరల నార్త్‌కోట్ జట్టుకు చేరెను గాని మోకాళ్ల గాయములు అతనిని వేధించినవి; మరుసటి సంవత్సరమునకే ఆట విరమింపవలసి వచ్చెను. 1947లో అదే సంఘమునకు శిక్షకుడుగా వ్యవహరించెను. అంకెలను మాత్రమే చూచువారికి 54 ఆటలు గొప్పగా తోచకపోవచ్చును. లీగులో మూడేసి వందల ఆటలాడినవారు తరువాత పలువురు కలరు. కాని అతడాడిన ప్రతి ఆటయు ఒక జాతి సామర్థ్యమునకు పరీక్షగా చూడబడినది. ఆ భారముతో ఆడినవారు అంతకుముందు మిక్కిలి అరుదు.

ఆట ముగిసిన పిమ్మట

ఆటలో పేరు నిలిచియుండగనే అతని మనసు వేరొక పనివైపు మరలినది. 1932 ప్రాంతమున నార్త్‌కోట్‌లోని క్రైస్తవ సంఘమున చేరి భక్తుడయ్యెను. మరొకవైపు, వృద్ధుడగు విలియం కూపర్ మెల్‌బోర్న్ చేరి ఆస్ట్రేలియా ఆదిమవాసుల సమితిని స్థాపించి పనిచేయుచుండెను. పార్లమెంటులో తమవారికొక స్థానము కావలెనని కోరుచు, 1814 మంది సంతకములతో ఇంగ్లండు రాజునకు ఆయన ఒక విజ్ఞాపనపత్రమును సిద్ధపరచెను. 1937లో అది ప్రధానమంత్రికి అందినది. కాని ప్రభుత్వము దానిని రాజునకు పంపలేదు. కూపరునకు నికల్స్ కుడిభుజమయ్యెను. ఆటగానిగా అతని పేరు వినినవారు సభకు వచ్చెదరు. వచ్చినవారు కూపర్ మాట వినెదరు.

తెల్లవారు ఆస్ట్రేలియాలో దిగి నూటయేబది సంవత్సరములైనదని 1938 జనవరి 26న సిడ్నీ నగరమున ఉత్సవములు జరిగినవి. ఆ దినముననే, ఆ నగరముననే, ఆదిమవాసులు సంతాపదినము పాటించి సభ జరిపిరి. పౌరహక్కులను కోరుచు చేసిన తీర్మానమును విక్టోరియావారి పక్షమున నికల్స్ బలపరచెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో కమరగంజ అధికారి నిరంకుశత్వమును సహింపలేక అచ్చటి జనులు రెండువందలమంది వరకు ఊరు విడిచి, నది దాటి విక్టోరియాలో తలదాచుకొనిరి. కూపర్ 1941లో మరణించెను. భారము శిష్యతరము మీద పడినది.

యుద్ధకాలమున నికల్సును సైన్యమునకు పిలిచిరి. కాని ఫిట్జ్‌రాయ్ పేటలో ఇరుకు ఇండ్లలో, నిరుద్యోగముతోను త్రాగుడుతోను చితికిన ఆదిమవాసుల నడుమ అతని అవసరము మిక్కుటముగా ఉన్నదని అచ్చటి పోలీసులే కోరగా 1942లో సైన్యమునుండి విడుదలచేసిరి. మరుసటి సంవత్సరము గోర్ వీధిలో ఆదిమవాసుల ప్రార్థనామందిరము వెలసినది. నికల్స్ దానికి మొదటి బోధకుడయ్యెను. అన్న హోవర్డ్ ప్రమాదమునకు గురియై 1942లో మరణింపగా, అతని భార్య గ్లాడిసును, ముగ్గురు బిడ్డలను అనాథలు కానీయక నికల్స్ ఆమెను వివాహమాడెను. గ్లాడిస్ కమరగంజలో పుట్టిన ఆదిమవాసి బిడ్డయే. నగరమునకు చదువునకై, పనికై వచ్చిన ఆదిమవాసి బాలికల కొరకు వసతిగృహము నడిపి, ధనము ప్రోగుచేసి, భర్త కార్యమున ఆమె సగభాగము వహించినది.

లెక్కలోనికి

1957లో పశ్చిమ ఆస్ట్రేలియా శాసనసభ్యుడగు గ్రేడెన్‌తో కలిసి నికల్స్ వార్బర్టన్ కొండల ప్రాంతమునకు పోయెను. ఎడారిలో ఆకలితోను, రోగముతోను కృశించుచున్న ఆదిమవాసులను వారు చలనచిత్రముగా తీసిరి. ఆ చిత్రమును నగరములలో ప్రదర్శింపగా చూచిన తెల్లవారును చలించిపోయిరి. ఆ సంవత్సరమే విక్టోరియాలో ఆదిమవాసుల అభ్యుదయ సమితి ఏర్పడినది. నికల్స్ దాని క్షేత్రాధికారియై ఊరూర తిరిగి పనిచేసెను. పాఠశాలలు, ప్రార్థనామందిరములు, కార్మికసభలు, ఎచ్చట పిలిచినను పోయి మాటలాడెను. పియానోపై తెల్లని మెట్లతో మాత్రమే ఒక పాట వాయింపవచ్చును, నల్లని మెట్లతో మాత్రమే వేరొక పాట వాయింపవచ్చును, కాని నిండైన సంగీతమునకు రెండును కావలెనని ఆయన తరచు చెప్పెడివాడు. మన హార్మోనియమును చూచిన బాలునకు కూడ ఈ ఉపమానము బోధపడును.

1958లో రాష్ట్రములలోని సమితులన్నియు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడినవి. సంవత్సరముల తరబడి సాగిన ఉద్యమ ఫలితముగా 1967 మే 27న దేశమంతట ప్రజాభిప్రాయసేకరణ జరిగినది. నూటికి తొంబదిమందికి పైగా ఓటర్లు మార్పునకు అనుకూలముగా ఓటు వేసిరి. 127వ విభాగము రద్దైనది. ఆదిమవాసుల కొరకు శాసనములు చేయు అధికారము కేంద్ర పార్లమెంటునకు లభించినది. నికల్స్ ఆటస్థలము విడిచి అప్పటికి ఇరువదియెనిమిది సంవత్సరములు. అది ఆయన యొక్కడు సాధించినది కాదు. కాని ఆ తొంబదిమందిలో ఎందరో మొదట ఆయనను చూచి, ఆయన మాట విని, ఆదిమవాసిని తమవంటి మనిషిగా గుర్తించినవారే.

అందరును ఆయనను మెచ్చుకొనలేదు. 1960ల చివర పుట్టిన యువతరము ఆయన మార్గము మరీ మెత్తనిదని తలచినది. తెల్లవారిచ్చిన బిరుదులను స్వీకరించుట వారికి నచ్చలేదు. ఆ విమర్శ నిరాధారమని చెప్పలేము. కాని దుస్తుల గదిలో మూలకు ఒదిగినవాడు సభావేదిక నెక్కునంతవరకు నడచిన దూరమును కూడ లెక్కింపవలెను. ఆ దూరము నడచినవాడు ఉండబట్టియే తరువాతివారు గొంతెత్తి ప్రశ్నింపగలిగిరి.

గవర్నరు పదవి

1972లో ఆయనకు ‘సర్’ బిరుదము లభించినది. ఆదిమవాసులలో ఆ బిరుదమును పొందినవారిలో ఆయనయే ప్రథముడు. 1976 డిసెంబరు 1న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమునకు గవర్నరుగా పదవి స్వీకరించెను. తారు డబ్బాతో పరుగెత్తిన బాలుడు రాజప్రతినిధియై ప్రభుత్వ భవనమున ప్రవేశించెను. దురదృష్టవశమున కొలది వారములకే పక్షవాతము సోకినది. 1977 ఏప్రిల్ 30న పదవిని విడిచెను. ఐదు నెలల పదవి. కాని ఆ రాజభవనమున ఆదిమవాసి కూర్చుండుట అసాధ్యమని ఇక ఎవ్వరును అనలేకపోయిరి. 1988 జూన్ 4న ఆయన మరణించెను. ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిపి, కమరగంజలోనే సమాధి చేసిరి. మెల్‌బోర్న్‌లోని పార్లమెంటు ఉద్యానమున 2007లో ఆ దంపతుల విగ్రహములు నెలకొల్పబడినవి.

ఆటస్థలము నేటికిని పూర్తిగా శుభ్రపడలేదు. 1993లో నికీ విన్మర్ అను ఆదిమవాసి ఆటగాడు, ప్రేక్షకులు దూషింపగా, చొక్కా పైకెత్తి తన నల్లని చర్మమును వ్రేలితో చూపి నిలిచెను. బ్రౌన్లో పతకమును రెండుసార్లు గెలిచిన ఆడమ్ గుడ్స్ 2015లో మైదానము మైదానమున ప్రేక్షకుల అరపులకు గురియై ఆట విడిచెను. 2019లో నిర్వాహకులును, సంఘములన్నియు అతనికి క్షమాపణ చెప్పిరి. నికల్స్ ఎదుర్కొన్న పరీక్ష ఆయనతో ముగియలేదు.

ఐనను ఒక మార్పు మాత్రము కన్నులకు కనబడుచున్నది. నాటి విక్టోరియా లీగే 1990 నుండి ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగుగా వ్యవహరింపబడుచున్నది. ఏటేట ఆదిమవాసుల గౌరవార్థము జరుపు ఆటల వరుసకు ఆ లీగు 2016లో సర్ డగ్ నికల్స్ పేరు పెట్టినది. ఆ దినములలో జట్లన్నియు ఆదిమవాసి చిత్రకారులు రచించిన చొక్కాలను ధరించును. వానిలో కార్ల్టన్ జట్టును ఉండును. 1927లో ఏ దేహమును తాకుటకు వెనుదీసిరో, ఆ దేహధారి పేరిట జరుగు ఆటలలో నేడు ఆ సంఘపు యువకులు ఆడుచున్నారు.